తెల్లకోటు ఉతికితేనే తెలుపు

అమెరికా చిత్రకారుడు థామస్ ఈకిన్స్ గీసిన రెండు పెద్ద తైలవర్ణ చిత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే డాక్టరు కోటు కథ సగం తెలిసిపోతుంది. మొదటిది 1875 నాటిది. ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ మెడికల్ కాలేజీలో డాక్టర్ శామ్యూల్ గ్రాస్ ఒక రోగి తొడ కోసి, పాడైన ఎముక తీస్తున్నాడు. ఒంటిమీద పొడవాటి నల్లకోటు. కోర్టుకో చర్చికో బయల్దేరిన పెద్దమనిషిలా ఉంటాడు. సాయం చేస్తున్న డాక్టర్లదీ అదే వేషం. చేతిలో కత్తి, వేళ్లకు నెత్తురు. గ్లవుజులు లేవు, మాస్కులు లేవు. ఓ పక్కన కూర్చున్న ఆడమనిషి ఆ దృశ్యం చూడలేక మొహానికి చేతులు అడ్డం పెట్టుకుంది.

రెండో చిత్రం 1889లో వేసింది. ఊరు అదే, సంస్థ వేరు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డాక్టర్ డేవిడ్ హేస్ ఆగ్న్యూ ఒక స్త్రీకి రొమ్ము ఆపరేషన్ చేసి రెండడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు. ఆయనా, సహాయకులూ అందరూ తెల్లటి గౌన్లలో ఉన్నారు. రోగి మీద తెల్లదుప్పటి, పక్కన తెల్లటోపీ నర్సు. గ్లవుజులు ఇంకా రాలేదు గానీ, మొదటి బొమ్మలోని చీకటి మాత్రం పోయింది. రెండింటికీ మధ్య గడిచింది 14 ఏళ్లే.

నల్లకోటు ఆ కాలపు మర్యాద. 19వ శతాబ్దంలో ఐరోపాలోనూ అమెరికాలోనూ డాక్టరంటే సూటూ బూటూ వేసుకున్న గౌరవనీయుడు. ఇంటికి డాక్టరును పిలిపించారంటే పరిస్థితి విషమించిందన్నమాటే. గంభీరమైన సందర్భానికి గంభీరమైన దుస్తులు. సర్జన్ల సంగతి ఇంకో రకం. ఇంగ్లండ్‌లోని లీడ్స్ ఆస్పత్రిలో పనిచేసిన సర్ బర్క్లీ మొయినిహాన్ తన విద్యార్థి రోజుల నాటి సర్జన్లను తర్వాత్తర్వాత గుర్తుచేసుకున్నాడు. ఆపరేషన్ గదిలోకి రాగానే వాళ్లు మంచికోటు విప్పేసి, అక్కడే ఉండే పాతకోటు తొడుక్కునేవారట. నెత్తురూ మురికీ ఎండి అది అట్టకట్టి ఉండేదట. దానికి ఎవరూ సిగ్గుపడేవారు కాదు. ఎన్ని మరకలుంటే అంత చెయ్యి తిరిగిన సర్జను అన్న లెక్క. నల్లబట్ట మీద ఆ మరకలు కూడా పెద్దగా కనిపించవు.

ఆ మరకల్లో ఏముందో కనిపెట్టిన కథ కోటుతో కాదు, చేతులతో మొదలైంది. 1847లో వియన్నా జనరల్ ఆస్పత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే హంగేరీ డాక్టరుకు ఒక తేడా కనిపించింది. అక్కడ రెండు ప్రసూతి వార్డులుండేవి. మంత్రసానులు చూసే వార్డులో కంటే వైద్య విద్యార్థులు చూసే వార్డులో బాలింతలు చాలా ఎక్కువగా చనిపోతున్నారు. విద్యార్థులు శవపరీక్ష గదిలోంచి నేరుగా కాన్పు గదికి వస్తున్నారు. శవాల నుంచి ఏదో వాళ్ల చేతులకు అంటుకుని వస్తోందని ఆయన అనుమానించి, క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లతో చేతులు కడుక్కోవాలని నిబంధన పెట్టాడు. 1846లో ఆ వార్డులో ప్రసూతి మరణాలు నూటికి 11 పైనే. 1848 నాటికి అవి ఒకటింపావుకు దిగాయి. ఇంత తేడా కళ్లముందు కనిపిస్తున్నా తోటి డాక్టర్లలో చాలామంది ఒప్పుకోలేదు. పెద్దమనుషుల చేతులు మురికిగా ఉంటాయా అన్నది వాళ్ల ధోరణి.

తర్వాత లూయీ పాశ్చర్ సూక్ష్మజీవుల పని చూపించాడు. దాన్ని ఆధారం చేసుకుని 1865లో గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్, బండి కింద పడి కాలు విరిగిన 11 ఏళ్ల కుర్రాడి గాయానికి కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన కట్టు కట్టాడు. చీము పట్టలేదు, కాలు దక్కింది. తమాషా ఏమిటంటే, శుభ్రమైన శస్త్రచికిత్సకు ఆద్యుడుగా మనం చెప్పుకునే ఈ లిస్టర్ తెల్లగౌను కోసం పట్టుబట్టినవాడు కాదు. పైకోటు తీసి, చొక్కా చేతులు మడిచి, ప్యాంటు మీద కార్బాలిక్ పడకుండా ముందు ఒక తువ్వాలు పిన్నుపెట్టుకునేవాడు, అంతే. ఆయన దృష్టి గాయంలో క్రిములను చంపడం మీదే.

ఈకిన్స్ బొమ్మల్లోని ఇద్దరు డాక్టర్లూ ఈ కథలో ఉన్నారు. 1876లో ఫిలడెల్ఫియాలో అంతర్జాతీయ వైద్య మహాసభ జరిగితే లిస్టర్ అట్లాంటిక్ దాటి వచ్చి తన పద్ధతి వివరించాడు. ఆ సభకు అధ్యక్షుడు గ్రాసే. ఆయనకు మాత్రం నమ్మకం కుదరలేదు. వివేకం ఉన్న సర్జనెవరూ ఆ కార్బాలిక్ వైద్యాన్ని పట్టించుకోవడం లేదన్న అర్థంలో ఆ ఏడాదే రాశాడు కూడా. అయిదేళ్లు తిరక్కుండానే, 1881 జులై 2న, అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డ్ మీద వాషింగ్టన్ రైల్వేస్టేషన్‌లో కాల్పులు జరిగాయి. తూటా ఎక్కడుందో వెతకడానికి డాక్టర్లు ఒకరి తర్వాత ఒకరు కడుక్కోని వేళ్లను గాయంలోకి పోనిచ్చారు. చీము ఒళ్లంతా పాకి, సెప్టెంబర్ 19న ఆయన చనిపోయాడు. తూటా కంటే డాక్టర్ల వేళ్లే ఎక్కువ హాని చేశాయన్నది చాలామంది వైద్య చరిత్రకారుల అభిప్రాయం. అధ్యక్షుణ్ని చూడటానికి పిలిపించిన పెద్ద డాక్టర్లలో ఆగ్న్యూ ఒకడు. ఎనిమిదేళ్ల తర్వాతి బొమ్మలో తెల్లగౌనులో నిలబడ్డది ఆయనే. ఆ తెల్లదనం వెనక ఎన్ని చావులున్నాయో బొమ్మలో కనిపించదు.

ఇక్కడి నుంచి బాధ్యత జర్మన్లు అందుకున్నారు. క్రిములు గాయంలోకి వచ్చాక మందు పోసి చంపే బదులు అసలు రాకుండానే చూస్తే పోలేదా అన్నది వాళ్ల ఆలోచన. కీల్ నగరంలో గుస్తావ్ నాయిబర్, బెర్లిన్‌లో ఎర్నెస్ట్ ఫాన్ బెర్గ్‌మన్ 1880లలో ఆ దారి పట్టారు. పనిముట్లు, కట్లు, గౌన్లు అన్నీ ఆవిరిలో ఉడికించడం మొదలైంది. ఉడికించాలంటే ఉన్ని కోటు పనికిరాదు, నూలుబట్ట కావాలి. రంగుబట్ట నాలుగు ఉడుకులకే వెలిసిపోతుంది. తెల్ల నూలుకు ఆ బెడద లేదు. పైగా తెలుపు మీద చిన్న మరక పడినా దాగదు. తెల్లపంచె కట్టినవాడు అరుగు మీద కూర్చునే ముందు ఒకసారి చేత్తో దులుపుకుంటాడు చూడండి, ఆసుపత్రికి కావలసింది సరిగ్గా ఆ జాగ్రత్తే.

అయితే శుభ్రత ఒక్కటే కారణమైతే తెలుపు ఆపరేషన్ థియేటరులోనే ఆగిపోవాలి. జ్వరాలు చూసే డాక్టరుకు, కత్తి పట్టని డాక్టరుకు అదెందుకు? దీనికి జవాబు ప్రయోగశాలలో ఉంది. 19వ శతాబ్దపు మధ్య నాటికి డాక్టర్ల మీద జనానికి పెద్ద నమ్మకం లేదు. నెత్తురు తీయడం, విరేచనాలు చేయించడం, పాదరసం మింగించడం, ఇవీ చికిత్సలు. నాటుమందులవాళ్లు, సీసా మందులు అమ్ముకునేవాళ్లు, హోమియోపతి వైద్యులు అందరూ పోటీయే. ఆ తర్వాతి దశాబ్దాల్లో కోచ్, పాశ్చర్ లాంటి శాస్త్రవేత్తలు రోగానికి కారణాన్ని సూక్ష్మదర్శినిలో పెట్టి చూపిస్తుంటే లోకం నోరు తెరుచుకుని చూసింది. డాక్టర్లకు ఆ శాస్త్రం కావలసివచ్చింది. దాంతోపాటు శాస్త్రవేత్త ఒంటిమీది కోటూ వచ్చింది. 1979లో అమెరికా వైద్యుడు డాన్ బ్లమ్‌హేగెన్ ఈ కోటు మీద రాసిన ప్రసిద్ధ వ్యాసంలో చేసిన వాదన ఇదే. నాకు ఇది సబబుగానే తోస్తుంది. కోటు వచ్చేనాటికి డాక్టర్ల దగ్గర నయంచేసే మందులు బహు కొద్ది. పెన్సిలిన్ చేతికి రావడానికి ఇంకా అర్ధశతాబ్దం ఉంది. మందుల కంటే ముందే గౌరవం వచ్చేసింది, అందులో కోటుకు వాటా ఉంది.

తెలుపును ముందుగా తెచ్చుకున్న సర్జన్లే దాన్ని ముందుగా వదిలేశారు కూడా. కరెంటు దీపాల వెలుగులో తెల్లగోడలు, తెల్లబట్టలు కళ్లు చెదిరేలా చేసేవి. ఎర్రటి నెత్తురు చూసి చూసి తెలుపు వైపు తిరిగితే ఆకుపచ్చ మచ్చలు కదిలినట్టు కనిపించేవి. 1914లో శాన్‌ఫ్రాన్సిస్కో సర్జన్ హ్యారీ షెర్మన్ తన థియేటరును పాలకూర రంగులోకి మార్చాడు. ఎరుపుకు ఎదురు రంగు కాబట్టి కంటికి ఊరట. నేటి ఆపరేషన్ థియేటర్ల ఆకుపచ్చ, నీలం దుస్తులు ఆ దారిలోనివే. అలా అసలు అవసరం ఉన్నచోట తెలుపు పోయి, అలంకారంగా వచ్చినచోట నిలబడిపోయింది.

మన దగ్గర మెడికల్ కాలేజీలో చేరిన కుర్రాడికి మొదటి వారంలోనే కోటు కొనక తప్పదు. మన విద్యార్థులు దాన్ని ఆప్రాన్ అంటారు. ముందుగా దానికి పట్టేది అనాటమీ హాల్లోని ఫార్మలిన్ వాసన. హౌస్ సర్జన్ అయ్యేసరికి అదే కోటు నడిచే అలమారా అవుతుంది. కుడి జేబులో శాంపిల్ ట్యూబులు, ప్లాస్టరు చుట్ట, సెల్‌ఫోను. ఎడమ జేబులో నాలుగు మడతలు పెట్టిన ఈసీజీ కాగితం, చిన్న టార్చి, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్. పై జేబు అడుగున పెన్ను కారిన నీలిమరక. ముంజేతి అంచులు మాత్రం వేరే రంగులో ఉంటాయి. రోగి మంచం, కేస్ షీటు, బల్ల, ఇంకో రోగి పొట్ట, అన్నిటికీ ముందుగా తగిలేది ఆ అంచే కదా. రెండు రాత్రుల డ్యూటీలో అది ఒంటిమీద నుంచి దిగదు. ఇక దాన్ని ఉతికేదెప్పుడు? అదే కోటుతో గేటు బయట టీ కొట్టుకు వస్తారు, అదే కోటు మడిచి చేతిమీద వేసుకుని సిటీబస్సు ఎక్కుతారు. ఆ పిల్లల్ని తప్పుపట్టలేం. ఆస్పత్రి వాళ్లకు కోటు మార్చుకునే గదీ ఇవ్వదు, ఉతికే ఏర్పాటూ చేయదు.

ఆ అంచులో ఏముందో పరీక్షలు చేసి చూసినవాళ్లు ఉన్నారు. 1991లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఒక ఆస్పత్రికి చెందిన వంద మంది డాక్టర్ల కోట్లు పరీక్షిస్తే ముంజేతి అంచులు, జేబులే ఎక్కువ మురికిగా తేలాయి. 2009లో అమెరికాలోని మేరీల్యాండ్‌లో ఒక వైద్య సదస్సుకు వచ్చిన 149 మంది కోట్లు పరిశీలించారు. 34 కోట్ల మీద స్టెఫిలోకోకస్ ఆరియస్ దొరికింది. వాటిలో ఆరింటి మీద ఉన్నది మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగని రకం.

బ్రిటన్ ప్రభుత్వం 2007లో ఒక నిర్ణయం ప్రకటించింది. రోగిని ముట్టుకునే డాక్టర్ల మోచేతికి దిగువన ఏమీ ఉండకూడదు. పొడుగు చేతుల కోటు వద్దు, గడియారం వద్దు, టై వేలాడకూడదు. 2008 నుంచి ఇది అక్కడి ప్రభుత్వ ఆస్పత్రుల్లో అమల్లోకి వచ్చింది. ఒక శతాబ్దపు తెల్లకోటు ఆ దెబ్బతో చాలా వార్డుల నుంచి మాయమైంది. మన దేశంలోనూ ఈ వాదన వినిపించింది. మంగళూరుకు చెందిన ఎడ్మండ్ ఫెర్నాండెజ్ అనే యువ వైద్యుడు 2015లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాస్తూ, భారతీయ డాక్టర్లు, విద్యార్థులు ఈ కోట్లు మానేయాలని కోరాడు.

ఇక్కడ కాస్త ఆగాలి. కోటు మీద క్రిములు ఉన్నాయనడం వేరు, కోటు వల్ల రోగికి జబ్బు చేసిందనడం వేరు. మొదటిది తేలింది. రెండోదానికి గట్టి రుజువు ఇంతవరకు లేదు. బ్రిటన్ మార్గదర్శకాలే ఆ మాట ఒప్పుకున్నాయి. వాళ్ల అసలు ఉద్దేశం చేతులు మణికట్టు దాకా బాగా కడుక్కునే వీలు కల్పించడం. 2011లో అమెరికాలోని డెన్వర్‌లో వంద మంది డాక్టర్లతో చేసిన ప్రయోగం ఇంకా చిత్రంగా ఉంది. సగం మంది ఎప్పుడో ఉతికిన తమ పొడుగు కోట్లు వేసుకున్నారు, మిగతా సగం అప్పుడే ఉతికిన పొట్టిచేతుల యూనిఫాం వేసుకున్నారు. ఎనిమిది గంటల డ్యూటీ అయ్యాక చూస్తే రెండిటి మీదా క్రిములు దాదాపు సమానమే. ఆస్పత్రిలో తిరిగే ఏ బట్టకైనా గంటల్లోనే మురికి పడుతుందన్నమాట. మరోవైపు, క్లీవ్‌లాండ్ పరిశోధకులు మొక్కలకు సోకే ఒక వైరస్ డీఎన్‌ఏను హాని లేని గుర్తుగా బొమ్మ రోగుల మీద పూసి, డాక్టర్లతో పరీక్షలు చేయించి చూశారు. పొడుగు చేతుల కోట్ల వాళ్లే ఆ గుర్తును ఎక్కువగా వెంట మోసుకెళ్లారు.

ఇవన్నీ కలిపి చూస్తే నాకు తోచేది ఇది. కోటును నిషేధించనక్కర్లేదు, పొడుగు చేతుల్ని నిషేధిస్తే చాలు. ఏప్రిల్, మే ఎండల్లో ఫ్యాను తిరగని ఓపీ గదిలో పాలిస్టర్ కలిసిన పొడుగు కోటు వేసుకోమనడం శుభ్రత రీత్యానే కాదు, మానవత్వం రీత్యా కూడా తప్పే. అరవై డిగ్రీల వేడి నీళ్లలో పది నిమిషాలు ఉతికితే చాలా క్రిములు పోతాయని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అమెరికాలో ఆస్పత్రి అంటువ్యాధుల నిపుణుల సంఘం 2014లో చేసిన సూచన ఇంకా తేలిక: డాక్టరుకు కనీసం రెండు కోట్లుండాలి, వారానికోసారైనా ఉతకాలి, రోగిని ముట్టుకునే ముందు విప్పి తగిలించుకోవడానికి కొక్కేలుండాలి. కొక్కేనికి ఎంత ఖర్చవుతుంది?

డాక్టర్లు మాత్రం కోటును అంత తేలిగ్గా వదులుకోరు, ఎందుకంటే అది దీక్షావస్త్రం కూడా అయింది. 1993లో న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఆర్నాల్డ్ గోల్డ్ చొరవతో కొత్త విద్యార్థులకు కోటు తొడిగి ప్రమాణం చేయించే వేడుక పూర్తిస్థాయిలో మొదలైంది. చదువు చివర చేసే ప్రమాణం మొదట్లోనే చేయిస్తే రోగి పట్ల బాధ్యత ముందే తెలుస్తుందని ఆయన ఉద్దేశం. ఈ వేడుక ఇప్పుడు మన కాలేజీల్లోనూ జరుగుతోంది. 2022లో జాతీయ వైద్య కమిషన్ హిప్పోక్రేట్స్ ప్రమాణం బదులు చరక శపథం చేయించాలని సూచించినప్పుడు దేశమంతా వాదోపవాదాలు నడిచాయి. ఏ ప్రమాణం అన్నదాని మీదే గొడవ, కోటు అక్కర్లేదని మాత్రం ఏ పక్షమూ అనలేదు. రోగులూ అనరు. 2018లో అమెరికాలోని పది ఆస్పత్రుల్లో నాలుగు వేల పైచిలుకు రోగులను అడిగితే, పద్ధతైన దుస్తుల మీద తెల్లకోటు వేసుకున్న డాక్టరుకే ఎక్కువ మార్కులు పడ్డాయి. పిల్లల డాక్టర్లలో, మానసిక వైద్యుల్లో మాత్రం చాలామంది కోటు ఎప్పుడో తీసేశారు. కోటు కనిపిస్తే సూదే అనుకుని గుక్కపెట్టే పసివాడికి సర్వేలతో పనిలేదు.

పెద్దవాళ్లు ఏడవరు గానీ, వాళ్ల నెత్తురు ఊరుకోదు. 1983లో ఇటలీ పరిశోధకుడు జుసెప్పె మాన్చియా, ఆయన బృందం రోగుల ధమనిలోనే రక్తపోటు కొలిచే ఏర్పాటు పెట్టి, డాక్టరు మంచం దగ్గరకు వచ్చినప్పుడు ఏం జరుగుతుందో చూశారు. మొదటి నాలుగు నిమిషాల్లో పై అంకె సగటున 27 పాయింట్ల దాకా పెరిగింది. తర్వాతి అధ్యయనంలో నర్సు కొలిస్తే ఆ పెరుగుదల సుమారు సగమే ఉంది. ఆస్పత్రిలో మాత్రమే ఎక్కువగా కనిపించే ఈ బీపీని వైట్ కోట్ హైపర్‌టెన్షన్ అంటారు. పేరు కోటుదే అయినా కోటు విప్పేస్తే పోయేది కాదు, డాక్టరు ముందు కూర్చున్నామన్న గాభరాతో వచ్చేది. 1988లో థామస్ పికరింగ్ బృందం బీపీ కాస్త ఎక్కువున్న 292 మందిని పరిశీలిస్తే, క్లినిక్‌లో ఎక్కువ చూపించిన వాళ్లలో నూటికి 21 మందికి మామూలు రోజువారీ పనుల్లో బీపీ సరిగ్గానే ఉంది. అంటే ప్రతి అయిదుగురిలో ఒకరు.

కాబట్టి ఒక్కసారి క్లినిక్‌లో చూసిన అంకెతో జీవితాంతం మాత్రలు మొదలుపెట్టించుకోవద్దు, అలాగని నాది గాభరా బీపీయే అని మీకు మీరే తీర్పు చెప్పుకుని ఊరుకోవద్దు. ఇంట్లో అయిదు నిమిషాలు వెన్ను ఆనించి కూర్చోండి. అంతకుముందు అరగంట కాఫీ, టీ, సిగరెట్ వద్దు. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు కొలవండి. కొన్ని రోజుల పాటు పొద్దున్నా సాయంత్రం అలా రాసుకున్న కాగితాన్ని డాక్టరుకు చూపించండి. ఇంట్లో కొలిస్తే 135/85 దాటినా ఎక్కువ కిందే లెక్క. క్లినిక్‌లో మామూలుగా ఉండి ఇంట్లో పెరిగే రకం కూడా ఉంది, అది ఇంకా ప్రమాదం.

ఇంకొక్క మాట. తెల్లకోటు వేసుకున్న ప్రతి మనిషీ డాక్టరు కాదు. ల్యాబ్ టెక్నీషియన్, ఫిజియోథెరపిస్టు, మందుల షాపులోని ఫార్మసిస్టు, అందరూ వేసుకుంటారు, అది వాళ్ల వృత్తికి తగిన దుస్తులే. ఏ డిగ్రీ లేకుండా సెలైన్లు ఎక్కించేవాడూ కొనుక్కోగలడు, అంగట్లో ఎవరూ సర్టిఫికెట్ అడగరు. డాక్టరుకు గుర్తు కోటు కాదు, రిజిస్ట్రేషన్ నంబరు. 2002 నాటి వైద్య నైతిక నియమావళి ప్రకారం ఆ నంబరును క్లినిక్‌లో కనిపించేలా పెట్టాలి, చీటీ మీద, రసీదు మీద రాయాలి. జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైటులో పేరు కొట్టి సరిచూసుకోవచ్చు. నంబరు కనిపించకపోతే అడగండి. మిమ్మల్ని ముట్టుకునే ముందు చేతులు కడుక్కున్నారా అని అడగడానికీ మొహమాటపడకండి.